మా బాధకి కూడా ఒక గడి పెట్టండి: ఉద్దానం నుంచి వైద్య ఆరోగ్య శాఖకి బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య శాఖ అధికారులకి, ఉద్దానంలో డయాలసిస్ సెంటర్లు చూసుకునే డాక్టర్లకి, నర్సులకి, టెక్నీషియన్లకి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం, కవిటి మండలం నుంచి రాస్తున్నాను. మా అమ్మ డయాలసిస్ మీద ఉంది, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ముందే చెప్తున్నాను, ఇది ఎవర్నీ తిట్టడానికి రాస్తున్న లెటర్ కాదు. ఒకప్పుడు మావాళ్లు డయాలసిస్ కోసం విశాఖపట్నమో బరంపురమో పోయేవాళ్లు, జీడితోట తాకట్టు పెట్టి కొన్నాళ్లు తిరిగి, డబ్బులైపోయాక ఇంటికొచ్చి పడుకునేవాళ్లు, ఆ తర్వాత ఏమయ్యేదో మా ఊళ్లలో అందరికీ తెలుసు. ఇప్పుడు సోంపేట, పలాస, కవిటి వైపే సెంటర్లున్నాయి, 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి, హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే ప్రాజెక్టు వచ్చింది, డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పెన్షన్ ఇస్తున్నారు. ఏ పార్టీ ఏది చేసింది అనే గొడవ నాకొద్దు, చేసినవాళ్లందరికీ దండం. ఇంత చేశాక కూడా మిగిలిపోయింది ఒకటుంది, మా బాధ ఎంతుందో ఎవరూ అడిగి ఫైల్‌లో రాయకపోవడం, దాని గురించే ఈ లెటర్.

అమ్మ ఫైల్ చాలా లావుగా ఉంటుంది. డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, యూరియా, క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్, ఎంత నీరు తీశారు, మిషన్ ఎంత స్పీడ్‌లో తిరిగింది, అన్నీ ఉంటాయి. యూఆర్‌ఆర్ అని ఒక లెక్క ఉంటుంది, యూరియా 65 శాతం కంటే ఎక్కువ తగ్గితే డయాలసిస్ సరిగ్గా జరిగినట్టు. ఆ ఫైల్ మొత్తం తిరగేసినా మా అమ్మ రాత్రంతా దురదకి గోకి గోకి చేతులు పుండ్లు చేసుకుందని ఎక్కడా ఉండదు, మిషన్ మీద మూడో గంటలో పిక్కలు పట్టేసి పళ్లు బిగబట్టుకుంటుందని ఉండదు, ఇంటికొచ్చాక మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదని ఉండదు. ఉద్దానం మీద ఇన్నేళ్లలో చాలా స్టడీలు జరిగాయి, మట్టి తీసుకెళ్లారు, నీళ్లు తీసుకెళ్లారు, రక్తం తీసుకెళ్లారు, మా దగ్గర పెద్దవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి కిడ్నీ జబ్బు ఉందని తేల్చారు, అది ఎందుకొస్తోందో మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు, తేలాలి, ఆ పని ఆగకూడదు. కానీ ఎందుకొచ్చిందో తెలిసేదాకా ఎలా ఉన్నారో అడగడం ఆపక్కర్లేదు కదా.

మా ఊళ్లో ఇద్దరు ఎదురుపడితే "నీకెంతుంది?" అని అడుగుతారు, అంటే క్రియాటినిన్ ఎంత అని, కిడ్నీ పాడైనకొద్దీ రక్తంలో పెరిగేది అదే. మూడంటే పర్లేదు, ఐదంటే అయ్యో, ఎనిమిదంటే ఇంక మాటుండదు. డయాలసిస్ స్టేజీకి ఇంకా రానివాళ్లకి పెన్షన్ రావాలంటే క్రియాటినిన్ 5 దాటాలి, లేదా జీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే లెక్క, తగ్గినకొద్దీ చేటు) 15 కంటే కిందికి రావాలి, లేదా స్కాన్‌లో కిడ్నీలు చిన్నవైపోయినట్టు కనపడాలి. రూల్‌లో మూడు దార్లున్నా జనం నోట్లో మిగిలింది ఐదు ఒక్కటే, ఐదు దాటిందా లేదా, దాటితే రోగి, దాటకపోతే కాదు. డాక్టర్లకి నేను చెప్పేదేం లేదు, క్రియాటినిన్ అనేది కండలోంచి వచ్చే పదార్థం, కండ తక్కువున్న మనిషిలో అది తక్కువే పుడుతుంది. 30 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 5 ఉంటే జీఎఫ్‌ఆర్ లెక్క 15 దగ్గరికొస్తుంది, అదే 60 ఏళ్ల ఆడమనిషికి 3.5 ఉంటేనే 14 దగ్గరికి పడిపోతుంది. అంటే జీడి పిక్కలు కొట్టుకుని బతికే మా పెద్దమ్మలు 3.5 రిపోర్ట్ పట్టుకుని "నాకింకా తక్కువేలే" అనుకుంటూ తిరుగుతుంటారు, లోపల కిడ్నీ పని మాత్రం ఐదున్న కుర్రాడితో సమానంగా పోయుంటుంది. ఆ జీఎఫ్‌ఆర్ లెక్క కూడా వయసు చూస్తుంది, ఆడా మగా చూస్తుంది, అంతేగానీ ఈ మనిషికి ఒంట్లో కండెంత మిగిలిందో చూడదు, అన్నం సయించక చిక్కిపోయినవాళ్లకి రిపోర్ట్ ఉన్నదానికంటే మంచిగా వస్తుంది. కిడ్నీని కొలవడానికే ఈ నంబర్ ఇన్ని తిప్పలు పడుతుంటే మనిషి కష్టానికి అదే కొలత అనుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

బాధని కొలవడం కుదరదు అంటారా, కుదురుతుంది, చాలా దేశాల్లో ఎప్పట్నుంచో చేస్తున్నారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో 1991లో ఒక ఫారం తయారుచేశారు, నొప్పి, నీరసం, వికారం, ఆకలి, నిద్రమత్తు, ఆయాసం, దిగులు ఇలా ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా పేషెంటే మార్కులేసుకోవడం, తర్వాత దాన్లోనే దురద లాంటివి కలిపి కిడ్నీ పేషెంట్ల కోసం వేరేగా చేశారు. లండన్ కింగ్స్ కాలేజ్ వాళ్ల ఫారం ఇంకోటుంది ఐపాస్ రీనల్ అని, నాకు అది ఎక్కువ నచ్చింది ఎందుకంటే దాన్లో మొట్టమొదటి ప్రశ్నే ఈమధ్య మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతున్నవి ఏంటో మీ మాటల్లో చెప్పండి అని ఉంటుంది, లిస్టు ఆ తర్వాతే. ఇంట్లోవాళ్లు కంగారు పడుతున్నారా, మనసు ప్రశాంతంగా ఉందా అని కూడా అడుగుతుంది. ప్రపంచవ్యాప్తంగా డయాలసిస్ పేషెంట్లనీ డాక్టర్లనీ కలిపి కూర్చోబెట్టి ట్రయల్స్‌లో తప్పకుండా చూడాల్సినవి ఏంటి అని అడిగితే చావు, గుండెజబ్బు, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో చేసే రక్తనాళం) లాంటివాటితో పాటు నీరసం కూడా ఆ లిస్టులోకి వచ్చింది. మా దగ్గర నీరసం అంటే "డయాలసిస్ అంటే ఉంటుందమ్మా" అనేస్తారు, అక్కడితో సరి.

డయాలసిస్ అయ్యాక కోలుకోవడానికి ఎంతసేపు పడుతోంది? ఈ ఒక్క ప్రశ్న చాలు చాలా విషయాలు బయటపడతాయి. చాలా దేశాల డేటా మీద చేసిన స్టడీలో కోలుకోవడానికి ఎక్కువ గంటలు పట్టేవాళ్లు ఆస్పత్రిలో చేరడం, చనిపోవడం ఎక్కువగా ఉందని వచ్చింది. దురద కూడా అంతే, డయాలసిస్ చేయించుకునేవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన దురద ఉంటుందని పెద్ద స్టడీలో తేలింది, అలాంటివాళ్లకి నిద్రుండదు, దిగులు ఎక్కువ, ప్రాణానికీ ముప్పు ఎక్కువ. పోనీ దానికి మందే లేదా అంటే ఉంది. గబాపెంటిన్ చిన్న డోసు డయాలసిస్ అయ్యాక ఇస్తే చాలామందికి తగ్గుతుందని ట్రయల్స్ చెప్తున్నాయి, అది మన మెడికల్ షాపుల్లో దొరికే మామూలు మందే (ఇది చదివి ఎవరూ సొంతంగా వేసుకోవద్దు, కిడ్నీ పోయినవాళ్లకి డోసు ఎక్కువైతే మత్తులోకి పోతారు, డాక్టరే రాయాలి). పిక్కలు పట్టేస్తుంటే నీరు తీసే స్పీడు తగ్గించొచ్చు, డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) మళ్లీ చూడొచ్చు. ఇవన్నీ మీకు తెలిసినవే. కాకపోతే ఫైల్‌లో లేనిదానికి ఎవరూ మందు రాయరు.

అడిగితే చెప్తారు కదా అనుకోవచ్చు. చెప్పరు, దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి. డాక్టర్ గారు రౌండ్స్‌కొచ్చి "ఎలా ఉందమ్మా" అంటే మా దగ్గర ఎవరైనా సరే "బాగానే ఉంది బావూ" అనే అంటారు. అది అబద్ధం కాదు, అది మర్యాద. దాని వెనక భయం కూడా ఉంటుంది. దురదుందంటే ఇంకేదో టెస్టు రాసి శ్రీకాకుళం పంపిస్తారేమో, ఆయాసం అంటే నీళ్లెక్కువ తాగావని తిడతారేమో, సరిగ్గా లేనంటే షిఫ్ట్ మార్చేస్తారేమో, పొద్దున్న షిఫ్ట్ పోయి రాత్రి షిఫ్ట్ వస్తే ఇంటికెళ్లడానికి ఆటో ఉండదు. మా ఆడవాళ్లయితే పక్కన కొడుకో అల్లుడో నిలబడుంటే అసలు నోరే తెరవరు, ఎందుకంటే తనవల్ల వాడికి ఆ రోజు కూలి పోయింది, ఇంకా బాధ కూడా చెప్పి వాణ్ణి కష్టపెట్టడం ఎందుకని. చాలాసార్లు పేషెంట్ బదులు పక్కనున్నవాళ్లే జవాబు చెప్పేస్తారు, నేను కూడా చూశాను, "బాగానే తింటందండి" అని కొడుకు అంటుంటే ఆ తల్లి తలొంచుకుని కూర్చుంది. అందుకే నడుచుకుంటూ వెళ్తూ అడిగే "ఎలా ఉంది" కొలత కాదు. కూర్చుని, పక్కవాళ్లని కాసేపు బయట ఉండమని, ఒక్కోటి పేరు పెట్టి అడగాలి. దురదుందా, నిద్రెలా పడుతోంది, కాళ్లు లాగుతున్నాయా, అన్నం సయిస్తోందా, ఏడుపొస్తోందా, ఇంట్లో డబ్బుకి ఎలా ఉంది. పేరు పెట్టి అడిగితే మనుషులు చెప్తారు, మా ఊరి ఆశా వర్కర్ అక్క అలా అడిగినప్పుడు అమ్మ చెప్పింది నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

సున్నా నుంచి పది అంటే మా పెద్దవాళ్లకి ఎక్కదు, నిజమే. "పదికి ఎంత" అంటే పరీక్ష పెట్టినట్టు భయపడి ఏదో ఒక అంకె చెప్పేస్తారు. కానీ వాళ్లకీ ఒక కొలత ఉంది, "మందేసుకున్నాక రూపాయికి పావలా తగ్గింది", "అర్ధరూపాయి నయం" అని మనవాళ్లు రోజూ అనే మాటే. నొప్పి రూపాయంత ఉందనుకో, ఇప్పుడు ఎన్ని పైసలుంది అని అడగండి, వేలిముద్ర వేసే మా మామ్మ కూడా టక్కున చెప్తుంది. వచ్చేనెల మళ్లీ అదే అడిగితే తగ్గిందో పెరిగిందో మీకే తెలుస్తుంది.

ఇంకో పద్ధతి గురించి చదివి నేను చాలారోజులు దాని గురించే ఆలోచించాను. స్విట్జర్లాండ్ నుంచి స్టెఫాన్ బుహీ, ఇంగ్లండ్ నుంచి టామ్ సెన్‌స్కీ అనే ఇద్దరు డాక్టర్లు 1990ల్లో తెచ్చారు, పేరు ప్రిజమ్. ఏ4 కాగితం సైజులో తెల్ల బోర్డు, అది నీ జీవితం అనుకోమంటారు. కింద కుడి మూలన ఒక పసుపు రంగు బిళ్ల అతికించి ఉంటుంది, అది నువ్వు. చేతికి ఒక ఎర్ర బిళ్ల ఇచ్చి ఇది నీ జబ్బు, ఇప్పుడు నీ జీవితంలో ఇది ఎక్కడుందో పెట్టు అంటారు. రెండిటి మధ్య దూరం స్కేలుతో కొలుస్తారు, సున్నా నుంచి 27 సెంటీమీటర్ల దాకా. దగ్గరున్నకొద్దీ బాధ ఎక్కువ. చదువక్కర్లేదు, అంకెలక్కర్లేదు, ఐదు నిమిషాల పని.

నేను అట్టముక్కతో ఒకటి చేసి అమ్మకి ఇచ్చాను. అమ్మ ఎర్రబిళ్లని కొంచెం దూరంగానే పెట్టింది, నాకు ఆశ్చర్యమేసింది. తర్వాత "ఇంకో బిళ్ల లేదా" అని అడిగింది. దేనికమ్మా అంటే "నీకు" అంది. నేను విశాఖలో ఉద్యోగం మానేసి వచ్చేశాను అమ్మని చూసుకోవడానికి, దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక నీలం బిళ్ల కోసిచ్చాను. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా పసుపు బిళ్ల మీద పెట్టి, "ఇది రోజూ మీద కూసుంటాది, ఆ సూదులదేముంది, అలవాటైపోనాది" అంది. ఆ పద్ధతిలో తర్వాత వాళ్లే కుటుంబానికీ పనికీ వేరే బిళ్లలు ఇవ్వడం కూడా మొదలుపెట్టారని నేను తర్వాత చదివాను. ఎరిక్ కాసెల్ అనే అమెరికన్ డాక్టర్ 1982లోనే రాశారు, బాధపడేది ఒళ్లు కాదు మనిషి అని. మా అమ్మ బాధలో పెద్దది ఏ ల్యాబ్ రిపోర్టులోనూ రాదు, అది తెలిసుంటే ఎవరైనా ఒక కౌన్సిలర్ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లు.

అలాంటి బాధలు మా ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ఉద్దానం అంటేనే కొబ్బరి, జీడి, పనస. కిడ్నీ పోయినవాళ్లకి పొటాషియం భయం, కొబ్బరినీళ్లు ముట్టుకోకూడదు, పనసపండు వద్దు, జీడిపప్పు వద్దు. తిత్లీ తుఫాన్‌కి 2018లో తోటలు పోయి మళ్లీ మొక్కలు నాటుకుని పెంచుకున్నవాళ్లు, సొంత చెట్టు బొండం నోట్లో పోసుకోలేరు, వైశాఖ మాసం ఎండలో నాలిక పిడచకట్టుకుపోతుంటే గ్లాసుతో కొలుచుకుని నీళ్లు తాగుతారు. మా ఊరి పేరు చెప్తే సంబంధాలు వెనక్కి పోతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాళ్లు ఆరునెలలకోసారి రక్తం ఇచ్చి రిపోర్ట్ వచ్చేదాకా ఇంట్లో ఎవరితో మాట్లాడకుండా తిరుగుతారు. ఇది జబ్బు కాదా, దీనికి లెక్క వద్దా?

అడగకపోవడం వల్ల ఇంకో నష్టం కూడా జరుగుతోంది. నొప్పిని సెంటర్లో ఎవరూ పట్టించుకోరని అనిపిస్తే ఆ మనిషి ఆర్‌ఎంపీ దగ్గరికో మందుల షాపుకో పోతాడు, ఒక నొప్పి ఇంజక్షన్, నాలుగు బిళ్లలు. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి ఎంత చేటో మీరే గోడల మీద రాయిస్తారు. ఇంకా డయాలసిస్ దాకా రాని, క్రియాటినిన్ మూడు నాలుగు దగ్గర ఉన్న మనిషి ఆ బిళ్లల వల్లే తొందరగా మిషన్ మీదకి వస్తాడు. నొప్పి బిళ్ల మింగొద్దు అని చెప్తున్నాం, మరి నొప్పికి ఏం చెయ్యాలో ఎక్కడ చెప్తున్నాం.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండమని చేతులెత్తి అడుగుతున్నాను. ఈ బాధ కొలత వైద్యం కోసం వాడండి, పెన్షన్ ఇవ్వడానికో తీసెయ్యడానికో వాడొద్దు. సదరం క్యాంపుల్లో వైకల్యం పర్సెంటేజీ కోసం మనుషులు ఎలా నిలబడతారో, 40 రాకపోతే ఏమవుతుందో అందరం చూశాం. బాధకి పాయింట్లు పెట్టి డబ్బుతో ముడిపెడితే రేపట్నుంచి ప్రతి పేషెంటూ తన బాధని నిరూపించుకోవాల్సొస్తుంది, ఓర్చుకునే మనిషికి అన్యాయం జరుగుతుంది, నిజంగా ఏడ్చినవాణ్ణి కూడా నటిస్తున్నాడంటారు. పెన్షన్‌కి మీ రూల్స్ మీకున్నాయి, అవి సరిచేయాలంటే వేరేగా చేయండి. బాధ రాసే పేజీ, పేరుతో సహా, పేషెంటుకీ వైద్యం చేసేవాళ్లకీ మధ్యే ఉండాలి.

కొలవడం వల్ల ఏమొస్తుంది అనేవాళ్లకి ఒక్క ఉదాహరణ చెప్తాను. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రిలో 766 మంది పేషెంట్లతో ఒక ట్రయల్ చేశారు, 2017లో రిజల్ట్ వచ్చింది. కొంతమందికి మామూలు వైద్యం, మిగతావాళ్లకి అదే వైద్యంతో పాటు వాళ్ల ఇబ్బందులు వాళ్లే కంప్యూటర్‌లో రాసే ఏర్పాటు, ఏదైనా ఎక్కువైతే నర్సుకి మెసేజ్ వెళ్తుంది. రెండో గుంపు సగటున ఐదు నెలలు ఎక్కువ బతికారు, 26 నెలలకి బదులు 31. కొత్త మందేమీ ఇవ్వలేదు, అడిగారు, చెప్పింది విని వెంటనే ఏదో ఒకటి చేశారు. అది క్యాన్సర్, ఇది కిడ్నీ, అక్కడ కంప్యూటర్, ఇక్కడ ఆశా అక్క, తేడాలున్నాయి, నేను కాదనను. కానీ అడిగి ఊరుకోకుండా ఎవరో ఒకరు దానికి జవాబుదారీగా ఉండటం అనేది ఎక్కడైనా ఒకటే.

లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2015 సంవత్సరానికి లెక్కేస్తే ప్రపంచంలో 6 కోట్ల 10 లక్షల మంది తీవ్రమైన జబ్బు వల్ల బాధపడుతున్నారని, వాళ్లలో 80 శాతం పైన మనలాంటి దేశాల్లోనే ఉన్నారని వచ్చింది. అది గొప్ప పని, కానీ అది నిపుణులు కూర్చుని వేసిన అంచనా. మా ఊరి లెక్క మా ఊరివాళ్లని అడిగే తీయాలి. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్‌కి (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యానికి) పాలసీ పెట్టుకుంది, నర్సులు ఇళ్లకెళ్లి చూస్తారు, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ ఉంది, తెలంగాణ జిల్లా ఆస్పత్రుల్లో సెంటర్లు పెట్టారు. మనకి ఉద్దానంలో అది క్యాన్సర్ వాళ్లకి మాత్రమే అన్నట్టుంది. డయాలసిస్ ఇంక నావల్ల కాదని ఆపేసినవాళ్లు ఉన్నారు, ఒంటరి ముసలివాళ్లు, తీసుకెళ్లే మనిషి లేనివాళ్లు, బెడ్ మీద గుండె ఆగేంత పనై భయపడిపోయినవాళ్లు. వాళ్లు మానేసిన రోజు రిజిస్టర్‌లో పేరు కొట్టేస్తారు, మరుసటి రోజు ఆ బెడ్ ఇంకొకరికి వెళ్తుంది. ఆ మనిషి ఇంట్లో ఆయాసంతో కూర్చోలేక పడుకోలేక గడిపే రోజులు ఎవరి లెక్కలోనూ ఉండవు. కిడ్నీ పనిచెయ్యనివాళ్లకి మార్ఫిన్ కూడా మామూలుగా ఇచ్చేది కాదు, ఒంట్లో పేరుకుపోతుంది, దానికి తెలిసిన డాక్టర్ కావాలి, వేరే మందులున్నాయి. ముందు ఆ ఇళ్లకి ఒక మనిషి వెళ్లాలి, ఏదుంది ఎంతుంది అని అడగాలి.

నేనడిగేది పెద్ద బడ్జెట్ కాదు. ప్రతి ఫైల్‌లో తెలుగులో ఒక పేజీ, నెలకోసారి, డయాలసిస్ జరుగుతున్న నాలుగు గంటల్లో పది నిమిషాలు, ట్రైనింగ్ అయిన నర్సో కౌన్సిలరో కూర్చుని అడగాలి, పక్కవాళ్లు లేకుండా. అందులో ఒకటి ఎక్కువుంటే డాక్టర్ గారు ఏం చేశారో ఆ పక్క గడిలోనే రాయాలి, అది ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీ అని పైవాళ్లు అడగాలి. డయాలసిస్‌కి రానివాళ్లకి, ఆపేసినవాళ్లకి ఏఎన్ఎం, ఆశాల ద్వారా ఇంటిదగ్గరే అదే పేజీ. ఆ వివరాలన్నీ పలాస రీసెర్చ్ సెంటర్‌కి పేర్లు లేకుండా పంపితే, ఇన్నాళ్లూ మా నీళ్లనీ మట్టినీ చదివినవాళ్లు మా రాత్రుల్ని కూడా చదువుతారు.

ముందు ఒక్క సెంటర్‌లో ఒక్క షిఫ్ట్‌లో పెట్టి చూడండి. ప్రశ్నలు మా యాసలో ఎలా అడిగితే అర్థమవుతాయో చెప్పడానికి నేనొస్తాను, నాలాగా ఇంట్లో పేషెంట్లున్న ఆడపిల్లలు మా మండలంలో చాలామంది వస్తారు, వాళ్లతో మాట్లాడే ఇది రాస్తున్నాను. ఏ రోజు ఎక్కడికి రమ్మన్నా వస్తాం, డయాలసిస్ రోజు కాకుండా ఉంటే చాలు.

ఇట్లు,
కవిటి మండలం నుంచి
ఒక డయాలసిస్ పేషెంట్ కూతురు